చిల్లపెంకుల మీద పడ్డ ఓట్లు

ప్రాచీన ఏథెన్స్‌లో ఒక మనిషిని పదేళ్లపాటు దేశం దాటించడానికి అతను నేరం చేసి ఉండనక్కర్లేదు. ఫిర్యాదు అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు. తగినంతమంది పౌరులు నడివూరి సంతమైదానానికి వచ్చి, పగిలిన కుండ పెంకు మీద అతని పేరు గీకి ఇచ్చి పోతే చాలు. ఎవరి పేరు ఎక్కువగా పడిందో ఆ మనిషి పది రోజుల్లో మూటాముల్లె సర్దుకుని బయల్దేరాలి. ఎందుకని అడిగే వీల్లేదు, చెప్పేవాడూ లేడు.

ఈ పద్ధతి పేరు ఆస్ట్రసిజం. క్రీ.పూ. 487లో మొదటిసారి అమలై, 416 ప్రాంతంలో చివరిసారి జరిగింది. ఆ తర్వాత రెండువేల మూడు వందల ఏళ్లకు పైగా దీని గురించి లోకానికి తెలిసిందంతా పాత రచయితలు చెప్పిన మాటే. అది మంచి నియమమా, అసూయకు పెట్టిన ముసుగా అని పండితులు వాదించుకున్నారు. ఎవరి చేతిలోనూ ఆధారం లేదు. ఇరవయ్యో శతాబ్దంలో తవ్వకాలు మొదలయ్యాక, పడిన ఓట్లే నేలలోంచి బయటికొచ్చాయి. ఇప్పటికి పదకొండు వేలకు పైగా దొరికాయి. ప్రాచీన ప్రపంచంలో మరే ఎన్నికకూ ఇన్ని ఓటు పత్రాలు మిగల్లేదు.

ఓటు నియమం బాగుందో లేదో తేల్చడానికి దాన్ని తయారుచేసినవాళ్ల ఉద్దేశం సరిపోదు. జనం దాన్ని ఎలా వాడారో చూడాలి. ఏథెన్స్ విషయంలో ఆ పని చేయగలిగేలా చేసింది ఈ చిల్లపెంకులే.

ముందు నియమం సంగతి. అరిస్టాటిల్ పేరిట ఉన్న ‘ఏథెన్స్ రాజ్యాంగం’ ప్రకారం దీన్ని పెట్టింది క్లైస్థెనీస్ అనే నాయకుడు. ఆ పుస్తకం కూడా ఈజిప్టులో దొరికిన పపైరస్ చుట్టల మీద బతికి, బ్రిటిష్ మ్యూజియానికి చేరి, 1891లో అచ్చయింది. ఏథెన్స్ ఏడాదిని పది భాగాలు చేసుకుంది. ఆరో భాగంలో జనసభ ముందు ఒక్క ప్రశ్న పెట్టేవారు: ఈ ఏడు పెంకుల ఓటు కావాలా, వద్దా? ఎవరి మీద అన్న మాట అక్కడ రాదు. కావాలని చేతులెత్తితే, ఎనిమిదో భాగంలో ఓటు జరుగుతుంది. మధ్యలో సుమారు రెండు నెలలు. ఆ రోజు సంతమైదానానికి దడి కట్టి, పది తెగలకు పది దారులు పెట్టేవారు. లోపలికి వచ్చిన మనిషి తన పెంకును రాసిన వైపు కనబడకుండా ఇచ్చి నిలబడాలి.

ఇక ఆరువేల లెక్క. ఇక్కడ పాత రచయితల్లోనే తగువుంది. మొత్తం ఓట్లు ఆరువేలు దాటితేనే లెక్క చెల్లుతుందని, అప్పుడు ఎక్కువ పెంకులు ఎవరి మీద పడితే వారు పోతారని ప్లూటార్క్ రాశాడు. కాదు, ఒక్క మనిషి మీదే ఆరువేలు పడాలని ఫిలోకోరస్ పేరిట మరో మాట ఉంది. రెండింటి మధ్య దూరం చిన్నది కాదు. ఏథెన్స్ వయోజన పౌరులు సుమారు ముప్ఫై వేలని అంచనా. ఒకరి మీదే ఆరువేలంటే ఊళ్లో అయిదో వంతు మగవాళ్లు పొలాలు వదిలి వచ్చి ఒకే పేరు రాయాలి. మొత్తం ఆరువేలంటే, పేర్లు చీలిపోయిన ఏడాది రెండువేల పెంకులతో కూడా ఒక నాయకుడు వెళ్లిపోవచ్చు. ఎక్కువమంది చరిత్రకారులు ప్లూటార్క్ వైపే మొగ్గుతున్నారు. ఏథెన్స్‌లో పరాయివాడికి పౌరసత్వం ఇవ్వడం లాంటి మరి కొన్ని నిర్ణయాలకు కూడా ఆరువేలమంది హాజరు కావాలన్న నియమం ఉండేది కాబట్టి, ఆ మొగ్గు సబబే.

శిక్ష మాత్రం మెత్తన. ఆస్తి పోదు, పౌరసత్వం పోదు, బయట ఉండగా పొలం మీద వచ్చే రాబడి కూడా అందుతుంది. పదేళ్లు నిండగానే తిరిగొచ్చి మళ్లీ రాజకీయాల్లో నిలబడొచ్చు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినందుకు కందుకూరి వీరేశలింగాన్ని వెలివేసినప్పుడు ఎవరూ ఓట్లు లెక్కపెట్టలేదు, గడువూ పెట్టలేదు. వెలి అన్న మాటతో మనకు గుర్తొచ్చేది అలాంటిదే. ఏథెన్స్ వెలికి ఓటూ ఉంది, గడువూ ఉంది.

మొదటి ఓట్లు వరుసగా పడ్డాయి. 487లో హిప్పార్కస్, 486లో మెగాక్లీస్, 485లో పేరు తెలియని మరొకరు, 484లో పెరిక్లీస్ తండ్రి క్సాంథిప్పస్, 482లో ‘న్యాయవంతుడు’ అరిస్టైడిస్. ఆ పైన 471 ప్రాంతంలో, సలామిస్ యుద్ధం గెలిపించిన థెమిస్టొక్లీస్. 461లో సీమోన్. 443లో మెలెసియస్ కొడుకు థుసిడిడీస్, అంటే చరిత్ర రాసిన థుసిడిడీస్ కాదు, అదే పేరున్న రాజకీయ నాయకుడు. చివరికి హైపర్‌బోలస్. అనుమానం ఉన్న పేర్లు కలుపుకున్నా డెబ్బై ఏళ్లలో పది పన్నెండు మందికి మించరు. సభ ప్రతి ఏడాదీ ప్రశ్న అడిగింది. ఎక్కువ ఏళ్లు ‘వద్దు’ అనే జవాబు వచ్చింది. నియమాన్ని అంచనా వేసేటప్పుడు వాడిన సందర్భాలతో పాటు వాడకుండా వదిలిన ఏళ్లనూ లెక్కలో వేయాలి. అసూయతో ఊగిపోయే గుంపుకు ఆయుధం ఇచ్చారని తిట్టినవాళ్లు ఈ రెండో లెక్క వేయలేదు.

ఇక పెంకుల దగ్గరికి వద్దాం.

1937లో అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త ఆస్కార్ బ్రోనీర్ ఆక్రోపోలిస్ కొండ ఉత్తరపు వాలులో ఒక బావి తవ్విస్తుండగా, సుమారు 190 పెంకులు ఒకే చోట బయటపడ్డాయి. అన్నింటి మీదా ఒకే పేరు, థెమిస్టొక్లీస్. పెంకులు కూడా ఏదో చేతికందిన ముక్కలు కావు. ఎక్కువ భాగం మద్యం తాగే పళ్లేల్లాంటి గిన్నెల అడుగు భాగాలే, అంటే అరచేతిలో ఇమిడే గుండ్రటి ముక్కలు. ఏరి పెట్టుకున్నట్టు ఉన్నాయి. బ్రోనీర్ ఒక్కో అక్షరం ఎలా గీశారో పరిశీలించాడు. గీత ఎటు వాలింది, అక్షరం ఎంత వెడల్పు, ఎక్కడ ఒత్తి గీకారు, ఇవన్నీ పోల్చుకుంటూ పోయాక ఆయన తేల్చిన సంగతి: ఈ 190 ఓట్లు రాసింది పద్నాలుగు చేతులే.

అంటే ముందే రాసిపెట్టి పంచడానికి తయారుచేసిన ఓట్లు. ఇవి పంచాక మిగిలినవో, పంచకుండానే బావిలో పడేసినవో పెంకు చెప్పదు. థెమిస్టొక్లీస్ ప్రత్యర్థులు కూడబలుక్కున్నారన్న సంగతి మాత్రం దీనితో స్పష్టం. పాత రచయితలెవరూ ఈ సంగతి రాయలేదు. ప్లూటార్క్ చెప్పిన కథ ఇంకోలా ఉంటుంది. చదువురాని ఒక పల్లెటూరి మనిషి, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియక అరిస్టైడిస్‌కే పెంకు ఇచ్చి ‘అరిస్టైడిస్’ అని రాసిపెట్టమన్నాడట. అతను నీకేం చేశాడని అడిగితే, ఏమీ చెయ్యలేదు, ఎక్కడ చూసినా న్యాయవంతుడు, న్యాయవంతుడు అని వినలేక విసుగొచ్చింది అన్నాడట. అరిస్టైడిస్ మారుమాట లేకుండా రాసిచ్చాడు. కథ నిజమో కాదో గానీ, రాయడం రానివాళ్లకు ఎవరో ఒకరు రాసి ఇవ్వాల్సి వచ్చేదన్నది నిజం. కాబట్టి పద్నాలుగు చేతుల గుట్టను పూర్తిగా కుట్ర అనడానికీ లేదు. రాయలేనివాళ్ల కోసం, ఆ మాటున తమకు కావలసిన పేరుతో, ఒక జట్టు సిద్ధం చేసిన సేవ అనుకోవచ్చు. ఏథెన్స్ చట్టం దాన్ని కాదన్న దాఖలా లేదు.

తరువాత వచ్చింది ఇంతకంటే పెద్ద రాశి. ఏథెన్స్ నగర ద్వారం బయట కెరామెయికోస్ అనే పేట ఉంది. కుమ్మర్ల వాడ, ఊరి శ్మశానం కూడా అదే. ఎరిడానోస్ అనే చిన్న వాగు దాని గుండా పోతుంది. 1960ల రెండో సగంలో జర్మన్ తవ్వకందార్లు ఆ వాగు పాత గట్టులో సుమారు 8,500 పెంకులు తీశారు. ఓటు ముగిశాక చెత్తగా తెచ్చి అక్కడ పోసి పూడ్చినవి. అందులో మెగాక్లీస్ పేరున్నవి నాలుగువేలు దాటాయి. తర్వాతి స్థానం థెమిస్టొక్లీస్‌ది. ఆపైన కల్లియస్, మెనోన్ లాంటి పేర్లు వందల్లో ఉన్నాయి. మొత్తం వందకు పైగా వేర్వేరు మనుషులు.

ఆ రాశిలో ముక్కలు అతికిస్తున్నప్పుడు ఒక చిత్రం కనిపించింది. మెగాక్లీస్ పేరున్న ఒక ముక్క, థెమిస్టొక్లీస్ పేరున్న మరో ముక్క అంచులు సరిగ్గా కలిశాయి. ఒకే కుండ. కుండ పగిలినచోటే ఇద్దరు వంగి చెరో ముక్క ఏరుకుని చెరో పేరు గీకారన్న మాట. ఇలాంటి జతలు మరికొన్ని దొరికాయి. దీన్నుంచి రెండు సంగతులు తేలాయి. ఆ ఇద్దరి పేర్లూ ఒకే ఓటులో పోటీపడ్డాయన్నది ఒకటి. బావిలో కనిపించిన కూడబలుకుడు కథ మొత్తానికి వర్తించదన్నది రెండోది. ఒకే కుండలోంచి వేర్వేరు పేర్లు రావడమంటే, అక్కడ జనం ఎవరి నిర్ణయం వారు చేసుకుంటున్నట్టు.

మెగాక్లీస్ విషయం అంతటితో ఆగలేదు. రాజ్యాంగ గ్రంథం చెప్పిన ప్రకారం అతని వెలి 486లో. అదే ఏడు అతను డెల్ఫీలో రథపందెం గెలిచాడు, కవి పిండార్ అతని మీద ఒక గీతం కట్టాడు. మొదట్లో ఈ నాలుగువేల పెంకులూ ఆ ఏటివే అనుకున్నారు. కుండల తీరు, అక్షరాల తీరు, పక్కనున్న పేర్లు చూసుకున్నాక చాలామంది పండితులు వాటిని 471 ప్రాంతానికి జరిపారు. అదే నిజమైతే మెగాక్లీస్ తిరిగొచ్చి రెండోసారి వెళ్లాడు. లిసియస్ పేరిట ఉన్న ఒక కోర్టు ప్రసంగంలో ఆ వంశపు పెద్ద రెండుసార్లు వెలికి గురయ్యాడన్న మాట ఉంది. వకీలు ఆవేశంలో అన్నదిగా తీసిపారేస్తూ వచ్చిన ఆ వాక్యానికి చెత్తకుప్పలోంచి దన్ను దొరికింది.

పేరు రాస్తే చాలు. అయినా కొందరు ఊరుకోలేక పక్కన మరో మాట కూడా గీకారు. మెగాక్లీస్‌ను గుర్రాలు పెంచేవాడని, వ్యభిచారి అని, డబ్బు పిచ్చివాడని తిట్టారు. అతని కొత్త జుట్టు తీరు మీద కూడా ఒకరికి కోపం. అతని వంశం మీద ఉన్న పాత పాపపు ముద్రను గుర్తుచేసినవాళ్లున్నారు. కల్లియస్‌ను పర్షియన్ అన్నారు, ఒకతను పెంకు మీద పర్షియన్ విలుకాడి బొమ్మే వేశాడు. సీమోన్‌ను సోదరి ఎల్పినీకేను వెంటబెట్టుకుని వెళ్లిపొమ్మన్నారు. కొన్ని పెంకుల మీద మనిషి పేరే లేదు. ‘ఆకలి’ని వెలివేస్తున్నామని ఉంది. కరవు ఏడాది ఓటు హక్కున్న ఒక బీదవాడికి నాయకులందరికంటే పెద్ద శత్రువు ఎవరో ఆ పెంకు చూస్తే తెలుస్తుంది. చట్టం కారణం చెప్పమని అడగలేదు. జనం మాత్రం కారణం చెప్పాలనే అనుకున్నారు. పర్షియా పక్షం అన్న రాజకీయ ఆరోపణ ఎంత ఉందో, డాబు మీద కంటగింపూ అంతే ఉంది. ఈ పద్ధతి నిరంకుశులు పుట్టకుండా ఆపడానికేనన్న పుస్తకాల వివరణ వీటి ముందు సగమే నిలుస్తుంది.

అక్షరాలు కూడా మాట్లాడతాయి. థెమిస్టొక్లీస్ పేరును ‘థెమిస్థొక్లీస్’ అన్నట్టు ఒత్తి రాసినవాళ్లు చాలామంది. జనం నోట్లో ఆ పేరు ఎలా పలికిందో భాషా శాస్త్రవేత్తలు దాన్నుంచే తెలుసుకుంటున్నారు. వంకర అక్షరాలు, మింగేసిన అక్షరాలు, కొట్టేసి మళ్లీ రాసినవి ఎన్నో. చదువు అంతంతమాత్రం అయినవాడూ పెంకు పట్టుకున్నాడన్నమాట.

ఇన్ని పెంకులున్నా గెలుపోటముల లెక్క నేరుగా వాటిలోంచి తీయడానికి వీల్లేదు. ఈ జాగ్రత్త పాటించకపోతే అంకెలు తప్పుదోవ పట్టిస్తాయి. సంతమైదానంలో అమెరికన్ తవ్వకాలు 1931లో మొదలయ్యాయి. అక్కడ దొరికిన 1,145 పెంకులకు మేబెల్ లాంగ్ 1990లో పూర్తి జాబితా వేశారు. అందులో కల్లిక్సెనోస్ అనే పేరుతో రెండు వందలకు పైగా ఉన్నాయి. ఈ మనిషి ఏ పాత గ్రంథంలోనూ లేడు. అతను వెళ్లాడో లేదో తెలీదు. మరోవైపు, వెలి నిజంగా జరిగిన హైపర్‌బోలస్ పెంకులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కారణం సులువే. ఓటయ్యాక పెంకులను ఎక్కడ పోశారు, ఏ గుంట పూడ్చడానికి వాడారు, ఆ గుంట మీద తర్వాత ఇల్లు లేచిందా, తవ్వేవాడి పార అక్కడ పడిందా, వీటిని బట్టి మిగిలినవి మిగిలాయి. మనకు దొరికింది ఓట్ల మొత్తం కాదు, చెత్త పారబోసిన చోటు. ఆరువేల తగువును 8,500 పెంకుల రాశి తేల్చలేకపోవడానికి కారణమూ ఇదే. అది ఒకే ఓటుదా, మొత్తం ఓటుదా అని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. కెరామెయికోస్ పెంకుల పూర్తి ప్రచురణను స్టెఫాన్ బ్రెన్నె తీసుకొచ్చింది 2018లో. తవ్వినప్పటి నుంచి అచ్చయ్యేదాకా సుమారు యాభై ఏళ్లు పట్టిందంటే, ఈ లెక్క ఎంత ఓపికతో చేయాల్సిన పనో తెలుస్తుంది.

ఇవాళ ఇంటర్నెట్‌లో జనం కలిసి నడిపే చోట్ల ఇవే ప్రశ్నలు మళ్లీ లేస్తున్నాయి. తెలుగు వికీపీడియాలో ఒక వ్యాసం ఉండాలా తీసేయాలా అన్నది సభ్యుల చర్చతో తేలుతుంది. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒక ప్రశ్నను మూసేయడానికి అయిదు ఓట్లు కావాల్సి ఉండేది. 2019లో మూడు ఓట్లతో కొంతకాలం నడిపి చూసి, వచ్చిన అంకెలు పరిశీలించి, మూడుకే ఖాయం చేశారు. ఎంతమంది కావాలి, ఎంతసేపు ఆగాలి, పోయినదాన్ని వెనక్కి తెచ్చే దారి ఉందా అన్న ప్రశ్నలు ఏథెన్స్ వాళ్లవే. ఏథెన్స్ మాత్రం తన ఆరువేలను డెబ్బై ఏళ్లలో ఒక్కసారీ మార్చినట్టు లేదు.

వెనక్కి తెచ్చే దారి ఆ ఊరిని ఒకసారి కాపాడింది కూడా. 480లో పర్షియా చక్రవర్తి జెర్క్సిస్ దండెత్తి వస్తున్నప్పుడు, గడువు తీరకుండానే వెలి అయినవాళ్లను పిలిపించారు. అరిస్టైడిస్ వచ్చి సలామిస్‌లోనూ, మరుసటి ఏడు ప్లాటియాలోనూ పోరాడాడు. క్సాంథిప్పస్ 479లో మైకేలీ దగ్గర జరిగిన యుద్ధంలో ఏథెన్స్ నౌకాదళానికి నాయకుడు. వాళ్ల ఆస్తులు జప్తు చేసి, పౌరసత్వం తీసేసి ఉంటే ఆ ఇద్దరూ శత్రువు శిబిరంలో ఉండేవారేమో. నియమంలో అన్నింటికంటే విలువైన భాగం ఏదంటే, ఆరువేలూ కాదు, పెంకులూ కాదు, శిక్షను మెత్తగా ఉంచడమే అనిపిస్తుంది.

దీని బలహీనత హైపర్‌బోలస్ దగ్గర బయటపడింది. పోటీ నిసియాస్, ఆల్సిబయడీస్ అనే ఇద్దరు పెద్ద నాయకుల మధ్య. ఇద్దరిలో ఒకరు పోవాల్సిందేనని ఊరంతా అనుకుంది. ఇద్దరి జట్లూ లోపాయికారీగా కలిసి, తమ పెంకులను మూడో మనిషి హైపర్‌బోలస్ మీదికి మళ్లించాయి. ఒక్క పేరు రాసే ఓటులో, సగం బలం కూడా అక్కర్లేని చోట, రెండు పెద్ద జట్లు చేతులు కలిపితే ఇంకెవరూ ఏమీ చేయలేరు. బావిలోని పద్నాలుగు చేతులు యాభై ఏళ్ల ముందే చూపించిన లోపం అది. అప్పుడు జట్టు ఒకటే, కాబట్టి నియమం తట్టుకుంది. ఆ తర్వాత సభ మళ్లీ పెంకుల ఓటుకు ఒప్పుకోలేదు. ప్రశ్నను మాత్రం నాలుగో శతాబ్దంలోనూ ఏటా అడుగుతూనే ఉన్నారు.

సిసిలీలోని సిరాక్యూస్ కూడా క్రీ.పూ. 454 ప్రాంతంలో ఇదే పెట్టుకుంది. పెంకుకు బదులు ఆలివ్ ఆకు, పదేళ్లకు బదులు అయిదేళ్లు. సమర్థులు భయపడి రాజకీయాలకు దూరం కావడంతో త్వరగానే రద్దు చేశారని చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. అది నిజమేనా, ఓడిన జట్టు చెప్పుకున్న సాకా అని పరీక్షించే వీల్లేదు, ఆకులు మిగల్లేదు.

ఏథెన్స్‌లో పెంకుల చోటును కోర్టు ఆక్రమించింది. చట్టానికి విరుద్ధమైన తీర్మానం పెట్టాడని ఎవరైనా ఒక నాయకుడి మీద దావా వేయొచ్చు. ఆరోపణ ఉంటుంది, జవాబు ఉంటుంది, వందల సంఖ్యలో జూరీ సభ్యులు కూర్చుంటారు. అయిదో వంతు ఓట్లు కూడా రాబట్టలేకపోతే దావా వేసినవాడికే వెయ్యి డ్రాక్మాల జరిమానా. పెంకుల ఓటులో లేని బాధ్యత ఇది. అయినా దావాలు తగ్గలేదు. అరిస్టొఫోన్ అనే నాయకుడు ఇలాంటి కేసుల్లో 75 సార్లు నిర్దోషిగా బయటపడ్డానని చెప్పుకునేవాడని ఈస్కినీస్ తన ప్రసంగంలో చెప్పాడు. ఈ 75ను సరిచూడడానికి దారి లేదు. ఆ కోర్టుల ఓట్లు కూడా సంతమైదానంలో దొరికాయి. మధ్యలో చిన్న ఇరుసు ఉన్న కంచు బిళ్లలు అవి. ఇరుసు బోలుగా ఉంటే ఒక పక్షం, గట్టిగా ఉంటే రెండో పక్షం. రెండు కొసలనూ వేళ్లతో మూసి పట్టుకుంటే పక్కవాడికి కూడా తెలియదు. ఓటు రహస్యంగా ఉండాలని చేసిన ఏర్పాటు అది. వాటి మీద ‘ప్రజల ఓటు’ అని చెక్కి ఉంటుంది గానీ, ఎవరి కేసుదో, ఏ ఏటిదో, ఏ తీర్పుకు పడిందో ఏ బిళ్ల మీదా లేదు.